‘కొవ్వు గడ్డ’ అని తీసేశాక వచ్చిన రిపోర్టు: ఒక మిక్సాయిడ్ లైపోసార్కోమా కేసు

ఆవిడకి 44 ఏళ్లు. కుడి తొడ వెనక గడ్డ ఉందని తెలిసి ఏడాది దాటింది. నొప్పి లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. కుర్చీలో ఎక్కువసేపు కూర్చుంటే కింద ఏదో అడ్డు పడినట్టు ఉండేది, అంతే. చివరి మూడు నెలల్లో మాత్రం కుడి కాలి వైపు బట్టలు బిగుతవుతున్నాయని ఆవిడే గమనించి డాక్టర్‌కి చూపించుకున్నారు.

అక్కడ అల్ట్రాసౌండ్ తీశారు. 9 సెంటీమీటర్ల గడ్డ, కొవ్వు గడ్డ గానీ నీటి తిత్తి గానీ కావచ్చని రాశారు. నడుముకి మత్తిచ్చి గడ్డ తీసేశారు. కుట్లు మానాయి, ఆవిడ పనిలోకి కూడా వెళ్లిపోయారు. మూడు వారాల తర్వాత బయాప్సీ రిపోర్టు వచ్చింది: మిక్సాయిడ్ లైపోసార్కోమా (కొవ్వు కణజాలంలో పుట్టే ఒక రకం క్యాన్సర్), తీసిన ముక్క అంచుల దాకా కణితి ఉంది. ఆ కాగితం పట్టుకుని భర్తతో కలిసి మా దగ్గరికి వచ్చారు.

రోగి ఎవరో గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ లేవు. వైద్యం ఏ వరసలో సాగింది, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నాం అన్నదే రాస్తున్నాను. గడ్డలు తీసే సర్జన్లూ, ఇంట్లో ఎవరికైనా ఇలాంటి గడ్డ ఉన్నవాళ్లూ ఇద్దరూ చదవాలన్నది నా కోరిక.

ఎందుకు అనుమానం రాదు

మనం రోజూ వినే రొమ్ము, పేగు, ఊపిరితిత్తుల క్యాన్సర్లు చాలావరకు కార్సినోమాలు. అవి అవయవాల లోపలి పొరల్లో, గ్రంథుల్లో పుడతాయి. సార్కోమాలు అలా కాదు. శరీరాన్ని కలిపి ఉంచే, మోసే కణజాలాల్లో పుడతాయి: కొవ్వు, కండరం, ఎముక, మృదులాస్థి, రక్తనాళాల గోడలు, నరాల తొడుగులు. పెద్దవాళ్లలో వచ్చే క్యాన్సర్లన్నిటిలో ఇవి సుమారు 1 శాతం. పిల్లల క్యాన్సర్లలో వీటి వాటా చాలా ఎక్కువ. ఎముకలో పుట్టేవి, మెత్తటి కణజాలంలో పుట్టేవి కలిపి రకాలు 70 పైనే ఉన్నాయి.

మెత్తటి కణజాలంలో మామూలు గడ్డలు ఎన్నో వస్తాయి. ఒక్కో సార్కోమాకి కనీసం వంద హానిలేని గడ్డలు ఉంటాయని లెక్క. కాబట్టి ఒక జనరల్ సర్జన్ చేతికి తగిలే ప్రతి గడ్డా కొవ్వు గడ్డే అనిపించడం సహజం. పైగా సార్కోమా చాలాసార్లు నొప్పి పెట్టదు. ‘నొప్పి లేదు కదా, ఏం కాదులే’ అనే ధైర్యం ఇంట్లోనూ, అప్పుడప్పుడు క్లినిక్‌లోనూ వినిపిస్తుంది. క్యాన్సర్ గడ్డల విషయంలో ఆ ధైర్యానికి ఆధారం లేదు.

అనుమానించాల్సిన గుర్తులు కష్టమైనవి కావు. 5 సెంటీమీటర్లు దాటిన గడ్డ. పెరుగుతున్న గడ్డ. చర్మం కింద జారకుండా, కండరాల మీదుండే గట్టి పొర కంటే లోతుగా ఉన్న గడ్డ. ఒకసారి తీసేశాక మళ్లీ వచ్చిన గడ్డ. వీటిలో ఒక్కటి ఉన్నా కత్తి కంటే ముందు స్కాన్ కావాలి. ఆవిడ విషయంలో మూడు ఉన్నాయి. కండరాన్ని బిగించమని చేత్తో తడిమి చూస్తే లోతు కొంత తెలిసిపోతుంది. కండరం పైనున్న గడ్డ బిగించినప్పుడూ కదులుతుంది. లోపలున్నది కదలడం మానేస్తుంది, లేదా చేతికి అందకుండా పోతుంది. పరికరం అక్కర్లేని పరీక్ష ఇది, నిమిషం కూడా పట్టదు.

అల్ట్రాసౌండ్ ఎందుకు తడబడిందో కూడా చెప్పుకోవాలి. మిక్సాయిడ్ రకంలో కొవ్వు చాలా తక్కువ, ఎక్కువ భాగం జిగురు పదార్థం. అందుకే అల్ట్రాసౌండ్‌లో నీటి తిత్తిలా కనిపించవచ్చు. ఎంఆర్‌ఐలో కూడా ఒక్కోసారి నీటిలాగే మెరుస్తుంది. కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తే అసలు సంగతి బయటపడుతుంది: తిత్తి అయితే గోడ మాత్రమే మందు పట్టుకుంటుంది, కణితి అయితే లోపలి భాగమంతా పట్టుకుంటుంది.

మొదటి ఆపరేషన్ గురించి తెలుసుకోవడం

ఇలాంటి కేసుల్లో నేను మొదట అడిగేది ఆపరేషన్ నోట్స్. స్కాన్ తర్వాతి మాట. మొదటి సర్జన్‌కి ఫోన్ చేశాను. ఆయన ఏదీ దాచకుండా చెప్పారు. గడ్డ గట్టి పొరకి లోపల, కండరాల మధ్య ఉంది. తీసేటప్పుడు రెండు ముక్కలైంది. జిగురులాంటి పదార్థం కొంత గాయంలో చిందింది. కోత అడ్డంగా, చర్మం మడత వెంట పెట్టారు, మచ్చ తక్కువగా కనిపిస్తుందని. లోపల ఊరే నీరు, రక్తం బయటికి పోవడానికి పెట్టే డ్రెయిన్ గొట్టాన్ని గాయానికి 5 సెంటీమీటర్ల దూరంలో, తొడ బయటి వైపు నుంచి తీశారు. మర్నాడు లోపల రక్తం గడ్డకట్టి వాపు వచ్చింది, దానంతటదే తగ్గింది.

ఆ అయిదు నిమిషాల ఫోన్ మాకు ఎంఆర్‌ఐ కంటే ఎక్కువ చెప్పింది. మా ప్లాన్ అంతా ఆయన నిజాయితీ మీదే నిలబడింది. ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు.

అడ్డం కోత సంగతే చూడండి. కాలిలోనైనా చేతిలోనైనా కండరాలు నిలువుగా ఉంటాయి. నిలువు కోత పెడితే ఆ మచ్చని, దాని కింది కండరాన్ని కలిపి ఒకే నిలువు ముక్కగా తర్వాత తీసేయవచ్చు. అడ్డం కోత అయితే దాన్ని చుట్టి తీయడానికి ఎంతో వెడల్పుగా చర్మం పోతుంది, అంచులు మళ్లీ దగ్గరకి రావు. ఇక డ్రెయిన్. గాయంలోంచి గొట్టం వెళ్లిన దారి పొడవునా కణాలు పడి ఉండవచ్చు. కాబట్టి ఆ దారీ, ఆ రంధ్రమూ మా లెక్కలో కణితి భాగమే. కోతకి ఆనుకుని, దాని వరసలోనే డ్రెయిన్ తీసి ఉంటే ఈ అదనపు చర్మం మిగిలేది. గడ్డకట్టిన రక్తం ఎంతవరకు పాకిందో అంతవరకు అనుమానించాల్సిందే.

సార్కోమా చుట్టూ ఒక పొర ఉన్నట్టు కనిపిస్తుంది. వేలు పెడితే గడ్డ ఆ పొరలోంచి సులువుగా ఊడివస్తుంది. అది నిజమైన తొడుగు కాదు. కణితి పెరుగుతూ చుట్టుపక్కల కణజాలాన్ని నొక్కేస్తే ఏర్పడిన పొర, అందులోనూ దాని అవతలా కణాలు ఉంటాయి. సులువుగా ఊడి వచ్చిందంటే కణాలున్న ఆ పొర అక్కడే మిగిలిపోయిందన్నమాట.

అసలు ఈ గడ్డకి జరగాల్సింది ఎంఆర్‌ఐ, ఆ తర్వాత లావు సూదితో కోర్ బయాప్సీ. ఆ సూది కూడా ఎక్కడ పడితే అక్కడ గుచ్చకూడదు. తర్వాత ఆపరేషన్ చేయబోయే సర్జన్ తన కోత ఎక్కడ వస్తుందో చూపిస్తే, ఆ గీత మీద గుచ్చాలి. సూది దారి ఆపరేషన్‌లో గడ్డతో పాటే బయటికి వచ్చేస్తుంది. సన్న సూదితో చేసే ఎఫ్‌ఎన్‌ఏసీలో విడి కణాలు మాత్రమే వస్తాయి, రకం తేల్చడానికి చాలాసార్లు చాలవు. ‘సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది’ అనే భయం చాలామందిలో ఉంది. సరైన దారిలో చేసిన కోర్ బయాప్సీలో ఆ ప్రమాదం చాలా స్వల్పం. గడ్డని ముక్కలుగా తీయడంలో ఉన్న ప్రమాదంతో పోల్చదగ్గది కాదు.

పేరు తేల్చడం

మొదట తీసిన గడ్డ తాలూకు బ్లాకులు, స్లైడ్లు తెప్పించి సార్కోమాలు ఎక్కువగా చూసే పాథాలజిస్ట్‌కి (కణజాలాన్ని పరీక్షించే డాక్టర్‌కి) ఇచ్చాం. ఈ జబ్బులో రెండో అభిప్రాయం అనుమానంతో అడిగేది కాదు, పద్ధతిలో భాగం. అరుదైన జబ్బు, డెబ్బై రకాలు. చూసే కన్ను అలవాటు పడి ఉండాలి.

మైక్రోస్కోప్ కింద జిగురు నేపథ్యంలో కొమ్మలు కొమ్మలుగా చీలే సన్నటి రక్తనాళాలు, మధ్య మధ్య లేత కొవ్వు కణాలు కనిపించాయి. సుమారు 10 శాతం భాగంలో మాత్రం గుండ్రటి కణాలు ఒత్తుగా ఉన్నాయి. ఈ రకంలో గుండ్రటి కణాల భాగం 5 శాతం దాటితే జబ్బు వేరేచోట్లకి పాకే ముప్పు పెరుగుతుంది, అందుకే ఆ అంకె రిపోర్టులో ఉండాలని అడిగి మరీ రాయించుకుంటాం. కణ విభజన తక్కువగా ఉంది, చనిపోయిన కణజాలం లేదు. అన్నీ కలిపి గ్రేడ్ 2, అంటే తీవ్రతలో మూడు మెట్లలో మధ్యది. జన్యువుల్లో మార్పులు చూపే ఫిష్ పరీక్షలో డీడీఐటీ3 జన్యువు తెగిందని తేలింది. 12వ క్రోమోజోమ్ ముక్క, 16వ క్రోమోజోమ్ ముక్క ఒకదాని చోటికి ఒకటి మారడం వల్ల ఈ జన్యువు చాలాసార్లు ఎఫ్‌యూఎస్ అనే జన్యువుతో అతుక్కుంటుంది. మిక్సాయిడ్ లైపోసార్కోమా గుర్తింపు కార్డు అదే.

‘క్యాన్సర్ అని తేలిపోయింది కదా, ఏ రకమైతేనేం’ అని ఆవిడ భర్త అడిగారు. రకాన్ని బట్టి వైద్యం మొత్తం మారిపోతుంది. బాగా పరిణతి చెందిన లైపోసార్కోమా అయితే ఊపిరితిత్తులకి పాకదు, తీసేసి కనిపెట్టుకుని ఉంటే చాలావరకు సరిపోతుంది. ఈవింగ్ సార్కోమా అయితే మొదటి మందు కీమోయే. పొట్టలో, పేగులో వచ్చే జిస్ట్ అనే రకానికి మామూలు కీమో పనిచేయదు గానీ ఇమాటినిబ్ మాత్ర పనిచేస్తుంది. మిక్సాయిడ్ రకం రేడియేషన్‌కి బాగా లొంగుతుంది. ఆవిడకి దక్కిన ఒక సానుకూల అంశం అది.

తల్లితో వచ్చిన కూతురు, ఇది తనకీ వస్తుందా అని అడిగింది. ఈ క్రోమోజోమ్ మార్పు కణితి కణాల్లోనే జరుగుతుంది, పిల్లలకి రాదు. లై-ఫ్రామెనీ, న్యూరోఫైబ్రోమటోసిస్ లాంటి వంశపారంపర్య స్థితుల్లో సార్కోమాలు ఎక్కువే గానీ, ఈ కుటుంబంలో అలాంటి సూచన ఏదీ కనపడలేదు. రెండేళ్ల కింద పడ్డ దెబ్బ వల్ల వచ్చిందా అన్నది ఆవిడ ప్రశ్న. దెబ్బ గడ్డని పుట్టించదు. దెబ్బ తగిలిన చోట చెయ్యి పెట్టి చూసుకోవడం వల్ల అంతకుముందే ఉన్న గడ్డ బయటపడుతుంది.

ఎంతవరకు పాకింది

సార్కోమా ఎక్కువగా రక్తం ద్వారా ఊపిరితిత్తులకి వెళ్తుంది. లింఫ్ గ్రంథులకి పాకడం కొన్ని రకాల్లో తప్ప అరుదు. కాబట్టి ఛాతీ సీటీ తప్పనిసరి. అది శుభ్రంగా ఉంది. మిక్సాయిడ్ రకానికి ఒక వింత అలవాటుంది: ఊపిరితిత్తుల్ని వదిలేసి వెన్నెముకకి, పొట్ట వెనక కొవ్వులోకి, మరో చోటి మెత్తటి కణజాలంలోకి వెళ్లగలదు. ఎముకల స్కాన్‌లోనూ, పెట్ స్కాన్‌లోనూ ఆ మచ్చలు తప్పిపోవచ్చు. అందుకని వెన్నెముకతో సహా ఒళ్లంతా ఎంఆర్‌ఐ, పొట్ట సీటీ చేయించాం. ఎక్కడా ఏమీ లేదు.

తొడ ఎంఆర్‌ఐలో పాత గాయం చుట్టూ వాపు, కొద్దిగా రక్తపు నీరు ఉన్నాయి. గడ్డ అని చూపించదగ్గది లేదు. ఇక్కడే కుటుంబంతో మాట కష్టమైంది.

“సార్, మీరే అంటున్నారు గడ్డ లేదని. కుట్లు కూడా మానిపోయాయి. మళ్లీ ఎందుకు కోస్తారు?” అన్నారు భర్త.

తడి గుడ్డ మీద సిరా చుక్క పడితే, చుక్కని అద్దేసినా పాకిన మరక గుడ్డలో ఉంటుంది, ఇదీ అంతేనన్నాను. ఇలా ప్లాన్ లేకుండా తీసిన గడ్డల్లో మళ్లీ ఆపరేషన్ చేసి చూస్తే, పెద్ద సంఖ్యలో రోగులకి, కొన్ని కేంద్రాల లెక్కల్లో సగం మందికి పైగా, కణితి మిగిలే ఉంటుంది. ఎంఆర్‌ఐలో ఏమీ కనిపించకపోయినా సరే. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆవిడ మాత్రం, “కాలు తీసేస్తారా డాక్టర్‌గారూ? అది చెప్పండి ముందు” అన్నారు.

తీయక్కర్లేదమ్మా అని వెంటనే చెప్పగలిగాను. 1982లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ప్రచురించిన ట్రయల్‌లో 43 మందిని రెండు గుంపులు చేశారు. 16 మందికి కాలో చెయ్యో తీసేశారు. 27 మందికి దాన్ని కాపాడుతూ ఆపరేషన్, రేడియేషన్ ఇచ్చారు. కాపాడినవాళ్లలో నలుగురికి అదే చోట జబ్బు తిరిగొచ్చింది, కానీ ప్రాణం నిలవడంలో రెండు గుంపులకీ తేడా తేలలేదు. చిన్న ట్రయలే, అయినా ఆ తర్వాత వైద్యం తీరే మారిపోయింది. ఇప్పుడు చేతులు, కాళ్లలో సార్కోమా వచ్చిన పది మందిలో దాదాపు తొమ్మిది మందికి అవయవం నిలుస్తుంది.

రేడియేషన్, ఆ తర్వాత ఆపరేషన్

వేర్వేరు నిపుణులు కలిసి కేసు చర్చించే ట్యూమర్ బోర్డులో ఎక్కువ చర్చ రేడియేషన్ ముందా, తర్వాతా అన్నదాని మీదే జరిగింది. ముందు ఇస్తే 50 గ్రే (రేడియేషన్ డోసు కొలత) సరిపోతుంది, తక్కువ మేర చాలు. కానీ ఆపరేషన్ గాయం మానడం కష్టమవుతుంది. 2002లో వచ్చిన కెనడా ట్రయల్‌లో గాయం ఇబ్బందులు ముందు ఇచ్చినవాళ్లలో 35 శాతం, తర్వాత ఇచ్చినవాళ్లలో 17 శాతం. తర్వాత ఇస్తే డోసు 66 గ్రే దాకా వెళ్తుంది, ఎక్కువ మేర మీద పడుతుంది, ఏళ్లు గడిచాక కాలు బిగుసుకుపోవడం, వాపు ఎక్కువ. గాయం కొన్ని వారాల సమస్య. బిగుసుకుపోయిన కాలు జీవితాంతం ఉంటుంది. 44 ఏళ్ల మనిషికి నేను ముందు ఇవ్వడం వైపే మొగ్గాను, బోర్డు కూడా అదే తేల్చింది. మచ్చ, డ్రెయిన్ రంధ్రం, రక్తం పాకిన మేర అంతా కలుపుకుని 25 రోజుల్లో 50 గ్రే ఇచ్చారు. చర్మం ఎర్రబడి కాస్త మండింది తప్ప మరో ఇబ్బంది రాలేదు. చర్మం తేరుకోవడానికి అయిదు వారాలు ఆగాం.

ఆపరేషన్ రోజు ముందు గీతలు గీశాం. 8 సెంటీమీటర్ల అడ్డపు మచ్చ, దానికి దూరంగా డ్రెయిన్ రంధ్రం. రెండింటినీ కలుపుతూ చుట్టూ మంచి చర్మం వదిలి గీస్తే, తీయాల్సిన చర్మం అరచేతి కంటే బాగా పెద్దదైంది. పాత గాయాన్ని ఎక్కడా తెరవకుండా, దాని కింద తొడ వెనక బయటి వైపు కండరంలో చాలా భాగాన్ని, పక్కదానిలో కొంత కలిపి ఒకే ముక్కగా తీశాం. లోతున సయాటిక్ నరం దగ్గర పని నెమ్మదించింది. పాత రక్తపు గూడు గోడ నరానికి ఆనుకుని ఉంది. నరాన్ని తీసేస్తే పాదం పడిపోతుంది, అరికాలి స్పర్శ పోతుంది. అందుకని నరం పైనుండే పలుచటి పొరని ముక్కతో పాటు ఒలిచి, నరాన్ని ఉంచాం. కణితి నరాన్ని చుట్టేయకపోతే ఈ పద్ధతి న్యాయమైనదే, ముందు రేడియేషన్ ఇచ్చిన చోట ఇంకా ధైర్యంగా చేయవచ్చు.

చర్మం మూసుకునే ప్రసక్తే లేదు. ప్లాస్టిక్ సర్జన్ తొడ ముందు వైపు నుంచి రక్తనాళం తెగకుండా చర్మాన్ని తిప్పి తెచ్చి కప్పారు. డ్రెయిన్లు ఈసారి కోత చివర్లకి ఆనుకునే తీశాం. గాయం ఒక మూల రెండు సెంటీమీటర్ల మేర విడిపోయింది. డ్రెస్సింగ్‌లతో ఆరు వారాలకి మానింది.

పాథాలజిస్ట్ ముక్క అంచులకి రంగు పూసి, గూడు గోడని దగ్గర దగ్గరగా కోసి చూశారు. గోడలో రెండు చోట్ల కంటికి కనిపించనంత చిన్న కణితి ముద్దలు దొరికాయి. చుట్టూ రేడియేషన్ వల్ల గట్టిపడిన కణజాలం. డ్రెయిన్ దారిలో ఏమీ లేదు. అన్ని అంచులూ శుభ్రం, అతి దగ్గరి అంచు నరం వైపు 1 మిల్లీమీటర్, అదీ నరం పొర అడ్డుగా ఉన్నచోట. డ్రెయిన్ దారిలో లేదంటే ఆ చర్మం అనవసరంగా తీశారా అని మా జూనియర్ ఒకరు అడిగారు. తీసి చూడకుండా లేదని తెలుసుకునే మార్గం లేదు. వదిలేసిన దారిలో జబ్బు తిరిగొస్తే అప్పుడు తీయాల్సింది చర్మంతో ఆగదు.

కీమో

ఇందులో అందరిదీ ఒకే మాట కాదు. 9 సెంటీమీటర్లు, లోతు, గుండ్రటి కణాలు 10 శాతం: ముప్పు ఉన్న కేసే. స్టేజి IIIఏ, అంటే వేరేచోటికి పాకలేదు గానీ పరిమాణం, గ్రేడ్ వల్ల ముప్పు ఎక్కువ. మెడికల్ ఆంకాలజిస్ట్ లెక్కలు దాచకుండా ఆవిడ ముందు పెట్టారు. 1997లో 14 ట్రయల్స్‌లోని 1,568 మంది వివరాలు కలిపి చూస్తే, డాక్సోరూబిసిన్ అనే మందు ఉన్న కీమో వల్ల పదేళ్లకి జబ్బు తిరిగిరాకుండా ఉన్నవాళ్లు సుమారు 10 శాతం పెరిగారు. ప్రాణం నిలవడంలో తేడా 4 శాతం, అది గణాంకపరంగా రుజువైనట్టు కాదు. గుండె మీద డాక్సోరూబిసిన్ ప్రభావం, దానితో కలిపి ఇచ్చే ఐఫాస్ఫమైడ్ అనే మందుకి మూత్రాశయం మీద ఉండే ప్రభావం కూడా చెప్పారు. వద్దనుకున్నా తప్పు కాదన్నారు. ఆవిడ రెండు రోజులు ఆలోచించి తీసుకుంటానన్నారు. గుండెకి ఎకో స్కాన్ చేసి, మూత్రాశయాన్ని కాపాడే మెస్నా కలిపి, గాయం పూర్తిగా మానాకే మొదలుపెట్టారు. జుట్టు పోయింది, ఒకసారి తెల్లకణాలు పడిపోయి జ్వరంతో చేరాల్సి వచ్చింది. కోర్సు పూర్తయింది.

ఇప్పుడు

ఆపరేషన్ జరిగి రెండేళ్లు దాటింది. మోకాలు పూర్తిగా ముడుస్తారు. మిగిలిన కండరాలు, పిక్క కండరం కలిసి ఆ పని చూసుకుంటున్నాయి. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటారు, వేగంగా నడిస్తే అడుగులో చిన్న తేడా తెలుస్తుంది. సాయంత్రానికి కాలు కాస్త ఉబ్బుతుంది, బిగువు సాక్స్ వేసుకుంటారు. అరికాలి బయటి అంచులో తిమ్మిరి ఉంది. అది పోతుందని నేను మాట ఇవ్వలేదు. ఫిజియోథెరపీ వాళ్లు నేర్పిన వ్యాయామాలు మానకుండా చేస్తున్నారు. రేడియేషన్ పడిన కాలు బిగుసుకుపోకుండా ఉండడానికి మందుల కంటే అదే ముఖ్యం.

మూడు నాలుగు నెలలకోసారి ఛాతీ స్కాన్, తొడ ఎంఆర్‌ఐ చేస్తున్నాం. ఈ రకానికి వెన్నెముక అలవాటు ఉంది కాబట్టి దాని ఎంఆర్‌ఐ కూడా మధ్య మధ్య చేస్తున్నాం. మూడో ఏడు దాటాక ఆరు నెలలకి, అయిదేళ్ల తర్వాత ఏడాదికి మారుస్తాం. మిక్సాయిడ్ రకం అయిదేళ్లు దాటాక కూడా తిరిగిరాగలదు కనుక అప్పటితో ఫైలు మూసేయం. నడుం నొప్పి రెండు వారాలు తగ్గకపోతే స్కాన్ తేదీ కోసం ఆగకుండా ఫోన్ చేయమని ఆవిడకీ, ఆవిడ భర్తకీ చెప్పి ఉంచాం.